అడిగితే పలికేవాళ్లు ఉండాలి

ఆన్‌లైన్ కోర్సు ముగిశాక పిల్లలు ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం నింపుతారు. వీడియో స్పష్టంగా ఉందా, మాట బాగా వినిపించిందా, మొత్తం మీద ఐదుకు ఎన్ని ఇస్తారు అని అందులో అడుగుతారు. వచ్చిన అంకెలకు సగటు కట్టి విద్యార్థులు సంతృప్తిగా ఉన్నారని నివేదికలో రాసుకుంటారు. పల్నాడులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆన్‌లైన్ కోర్సుల మెంటర్‌గా పనిచేస్తున్న నాకు ఆ సగటు మీద నమ్మకం లేదు. నేను చూసిన ఫారాలన్నీ చివరిదాకా నిలిచినవాళ్లు నింపినవే. నాలుగో వారంలో మానేసిన అమ్మాయిని ఎందుకు మానేశావమ్మా అని ఎవరూ అడగరు.

ఆన్‌లైన్ చదువు మీద నాకు వ్యతిరేకత లేదు. ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు అది చేసే మేలు రోజూ చూస్తున్నాను. తరగతి గదిలో ఇంగ్లిష్ వాక్యం ఒక్కసారి వినిపించి వెళ్లిపోతుంది. అర్థం కాలేదని చెయ్యి ఎత్తాలంటే గదిలో అందరూ తల తిప్పి చూస్తారన్న భయం. అదే వీడియో అయితే వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ వినొచ్చు, కింద అక్షరాలు పెట్టుకుని చదువుకోవచ్చు. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు, 2017లో కేంద్రం తెచ్చిన స్వయం కోర్సులు లేకపోతే మా జిల్లాలో ఒక రైతు కూతురు ఐఐటీ ప్రొఫెసర్ పాఠం వినే అవకాశం ఎక్కడిది? చేరడానికి ఫీజు కూడా లేదు, సర్టిఫికెట్ కావాలనుకుంటే పరీక్షకు కట్టాలి అంతే.

అయితే వినడం వేరు, నేర్చుకోవడం వేరు. ఆ రెండింటి మధ్య ఒక సందేహం ఉంటుంది.

మా దగ్గర ఒకమ్మాయి ప్రోగ్రామింగ్ కోర్సులో చేరింది. రికర్షన్ పాఠం వచ్చింది. ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటే ఎక్కడ ఆగుతుందో ఆమెకు అంతు చిక్కలేదు. చర్చా వేదికలో ప్రశ్న పెట్టింది. జవాబు వచ్చేసరికి ఆ వారం అసైన్‌మెంట్ గడువు దాటిపోయింది. వచ్చిన జవాబు కూడా ‘వీడియో మరోసారి చూడండి’ అనే. ఆమె అప్పటికే ఎన్నోసార్లు చూసింది. తర్వాత నేను కదిలిస్తే, ‘పాఠం కష్టమని మానలేదు మేడం, అడిగితే పలికేవాళ్లు లేరని మానేశా’ అంది. అదే సెమిస్టర్‌లో అంతకన్నా కష్టమైన ఇంకో కోర్సులో మా పిల్లలు చాలామంది నిలబడ్డారు. అక్కడి టీచింగ్ అసిస్టెంట్ ‘ఇది చూసి రేపటికి చెబుతాను’ అనైనా వెంటనే రాసేవాడు. శనివారం సాయంత్రం లైవ్‌లో కూర్చుని లెక్కలు చేయించేవాడు. ఆ కోర్సు వీడియోలు ఏమంత గొప్పగా ఉండేవి కావు, పాత బోర్డు మీద సుద్దముక్కతో రాసినవే.

దూరవిద్యలో దూరాన్ని మైళ్లలో కొలవకూడదని, గురువుకూ విద్యార్థికీ మధ్య మాటామంతీ ఎంత తగ్గితే దూరం అంత పెరుగుతుందని విద్యావేత్త మైకేల్ మూర్ ఏనాడో చెప్పారు. ఆ ఎరుక మనకూ కొత్తది కాదు. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పుస్తకాలు ఇంటికి పంపి వదిలేయకుండా ఊరూరా డిగ్రీ కాలేజీల్లో స్టడీ సెంటర్లు తెరిచి కౌన్సెలింగ్ తరగతులు పెట్టారు. పగలంతా ఉద్యోగం చేసుకునేవాళ్లకు అడగడానికి ఒక మనిషి కావాలని అప్పుడే గుర్తించారు. స్వయం నమూనాలోనూ వీడియో, చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్షలతో పాటు చర్చా వేదిక నాలుగో స్తంభం. డబ్బూ శ్రద్ధా మాత్రం మొదటి స్తంభానికే ఎక్కువ పోతున్నాయని నా అభిప్రాయం.

2020లో కోవిడ్‌తో తరగతులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్నతో పాటు పనికి వెళ్లిపోయేది. అప్పుడు అసంతృప్తికి కారణం కళ్ల ముందే కనపడింది. ఇప్పుడు ఫోన్లు, డేటా చాలావరకు ఉన్నాయి కాబట్టి సమస్య తీరిపోయిందనుకుంటున్నారు. తీరలేదు. పైగా 2021 నిబంధనలతో ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయొచ్చని యూజీసీ అనుమతించింది. మంచి నిర్ణయమే. కానీ సొంత ఇష్టంతో ఎంచుకున్న కోర్సూ, క్రెడిట్ల కోసం కాలేజీ అంటగట్టిన కోర్సూ పిల్లల మనసులో ఒకటి కావు. ఎందుకు చేరుతున్నారో తెలియనివాళ్లకు ఎంత మంచి పాఠమైనా బరువే.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. మెంటరింగ్‌ను అధ్యాపకుల పనిగంటల్లో లెక్కించాలి. ఇప్పుడు చాలా కాలేజీల్లో అది క్లాసులన్నీ అయ్యాక మిగిలిన ఓపికతో చేసే పని. ఆన్‌లైన్ కోర్సు తీసుకున్న పిల్లలకు వారానికి ఒక గంట టైమ్‌టేబుల్‌లోనే ఉండాలి. గది, బోర్డు, ఆ విషయం తెలిసిన టీచరు ఉంటే చాలు. తెలుగులో అడిగితే తెలుగులో చెప్పాలి. ప్రతి కోర్సు పేజీలోనూ సందేహానికి ఎన్ని రోజుల్లో జవాబిస్తారో చేరకముందే రాయాలి. ఫీడ్‌బ్యాక్ ఫారం చివరి వారం దాకా ఆగకుండా నాలుగో వారంలో వెళ్లాలి, అసైన్‌మెంట్లు పంపడం ఆపేసిన వాళ్లకు అందరికన్నా ముందు వెళ్లాలి. జులై సెమిస్టర్ టైమ్‌టేబుళ్లు వేసేటప్పుడు ప్రిన్సిపాళ్లు ఆ గంటను అందులో చేర్చాలి. చేర్చకపోతే తల్లిదండ్రులు వెళ్లి అడగాలి.