లేవలేని ఆవుకు మొదటి మందు మెత్తటి నేల

ఆవు పడిపోయిందంటే ఊళ్లో ముందుగా చేరేది జనం. డాక్టరు ఆ తర్వాత వస్తాడు. ఈ మధ్యలో ఎవరు చెబుతారో గానీ బేరగాడు వచ్చి వాకిట్లో నిలబడి ఉంటాడు. ఇది మన పల్లెల్లో కొత్త సంగతి కాదు. కానీ ఆ పడిన ఆవుకు మనం మొదటి ఆరు గంటల్లో చేసేదేమిటి, చేయవలసిందేమిటి అన్నది పాడి రైతులందరూ ఆలోచించవలసిన విషయం.

మన చిత్తూరు జిల్లాలో వాన మొహం చాటేసి చెనిక్కాయ పంట పోయిన ఏడు కూడా రైతు ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అది పాల డబ్బు చలవే. కొట్టాల్లో ఇప్పుడు ఎక్కువగా ఉన్నవి జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు. నాటు ఆవు కంటే పాలు ఎక్కువ ఇస్తాయి. ఆ పాలతోపాటే ఒంట్లోని కాల్షియం, అంటే సున్నపు ధాతువు కూడా బయటికి పోతుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో మంచి పాడి ఆవు ఉన్నట్టుండి కూలబడటానికి ముఖ్య కారణం ఇదే. దీన్ని పాలజ్వరం అంటారు. పేరుకే జ్వరం. నిజానికి ఒళ్లు చల్లబడుతుంది.

నాలుగేళ్ల కిందట మా ఊళ్లో జరిగిన సంగతి చెబుతాను. మా పక్కింటి అక్క ఆవు మూడో ఈత రాత్రి ఈనింది. మాయ పడింది. దూడ పాలు తాగింది. తెల్లవారేసరికి ఆవు కొట్టంలో బండల మీద కూలబడి ఉంది. మెడ డొక్కవైపు తిప్పుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. జనం చేరారు. తలా ఒక వైద్యం చెప్పారు. ఒకాయన తోక మెలిపెట్టాడు. ఇంకొకాయన వెదురు గొట్టంతో కషాయం పోశాడు. నలుగురం తాళ్లు వేసి లాగాం. అందులో నేనూ ఒకణ్ణి.

డాక్టరుకు కబురు పోయింది మధ్యాహ్నం. ఆయన వచ్చేసరికి పొద్దు వాలింది. నరానికి కాల్షియం సీసా ఎక్కించారు. అరగంటలో ఆవు చెవులు ఆడించింది, పేడ వేసింది, మేత అందుకుంది. కానీ లేవలేదు. జబ్బు తగ్గింది కదా, మరి లేవదేం అని అక్క అడిగింది. "పొద్దుటినుంచీ బండమీదే ఉంది కదమ్మా. బరువంతా పడి కింది కాలు చచ్చుబడింది" అన్నారు డాక్టరు. ఐదో రోజున బేరగాడు దాన్ని తాళ్లతో ఈడ్చి బండి ఎక్కించాడు. అక్క లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆవు కోసం తీసుకున్న అప్పుకు అప్పటికి ఇంకా పదకొండు కంతులు ఉన్నాయి.

ఆ ఆవు పోయింది పాలజ్వరంతో కాదు. దానికి మందు ఉంది, పడింది, పనిచేసింది. ఆవు పోయింది మన ఆలస్యం వల్ల, ఆ బండల వల్ల. నాలుగు వందల కిలోల బరువు గట్టి నేలమీద ఒకే పక్కన గంటల తరబడి నొక్కుకుంటే కండకు నెత్తురు ఆడదు. నరం నలిగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని సీసాలు ఎక్కించినా ఆ కాలు నిలబడటం కష్టం.

కాబట్టి ఆవు పడగానే చేయవలసిన మొదటి పని డాక్టరుకు కబురు. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం కోసం చెప్పుకోవచ్చు. రెండో పని డాక్టరు వచ్చేలోగా మనమే చేయగలిగింది. ఆవు కింద జానెడు మందాన ఇసుక పోసి, పైన వరిగడ్డి పరచాలి. ఇసుక దొరక్కపోతే నలుగురు కలిసి పాత గోనెపట్టా మీదికి చేర్చి, నీడనున్న మెత్తటి మట్టినేలకు మెల్లగా జరపాలి. పక్కకు వాలి కాళ్లు చాచి పడుకుంటే కడుపు ఉబ్బి ఊపిరాడదు. అందుకని రొమ్ము మీద కూర్చోబెట్టి, పొట్టు నింపిన గోతాలు రెండు పక్కలా ఆనించాలి. మూడు గంటలకొకసారి వెనక కాళ్లను ఒక పక్కనుంచి రెండో పక్కకు మార్చాలి. రాత్రిపూట కూడా మార్చాలి. నీళ్లు, మేత మూతికి అందేలా పెట్టాలి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. మెడ నిలబెట్టలేని ఆవుకు గొంతులో ఏదీ పోయకూడదు. కషాయమైనా బెల్లం నీళ్లయినా ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది. కాల్షియం సీసా మనమే తెచ్చి నరానికి ఎక్కించబోవటం కూడా తగదు. అది వేగంగా పోతే గుండె ఆగవచ్చు. తోక మెలిపెట్టటం, కొట్టటం దండగ. లేవగలిగితే అది మనం చెప్పకుండానే లేస్తుంది.

పడిన ప్రతి ఆవుకూ పాలజ్వరమే అనుకోరాదు. ఈనేటప్పుడు తుంటి తొలగి ఉండవచ్చు. పొదుగు వాపు విషమించి ఉండవచ్చు. పెళ్లింట మిగిలిన అన్నం గంపెడు మేసి కడుపు పులిసి ఉండవచ్చు. ఏదన్నది తేల్చవలసింది డాక్టరు. కానీ కారణం ఏదైనా మెత్తటి నేల, పక్కలు మార్చటం మాత్రం తప్పదు.

ఇవన్నీ చేయటానికి మనుషులెక్కడ, కూలి మానుకుని ఎవరు కూర్చుంటారు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క ఇంటివాళ్ల వల్ల ఇది కాదు. నిరుడు మా ఊళ్లోనే ఇంకొకరి ఆవు ఇలాగే పడింది. ఈసారి పొద్దున్నే ఫోను వెళ్లింది. గంటలోపల ట్రాక్టరుతో ఇసుక వచ్చింది. నలుగురు కుర్రవాళ్లు వంతులు వేసుకుని రాత్రింబవళ్లు పక్కలు మార్చారు. కాల్షియం పడినా వెంటనే లేవలేదు. నాలుగో రోజు ఉదయం తడబడుతూ తనంతట తాను లేచి నిలబడింది. ఖర్చయింది ఒక ట్రక్కు ఇసుక, నాలుగు రాత్రుల నిద్ర.

అందుచేత నా సూచన ఇది. పాలు పోసే ప్రతి కేంద్రం దగ్గర ఒక కుప్ప ఇసుక, పది గోతాలు, వెడల్పాటి పట్టా బెల్టు, మూడు దుంగలు, ఒక చైను కప్పీ ఉంచాలి. కాస్త కాళ్లు ఊనే ఆవును డాక్టరు చెప్పిన మేరకు బెల్టుతో లేపి కొద్ది నిమిషాలు నిలబెట్టవచ్చు. వేలాడిపోతే వెంటనే దించాలి, వదిలిపెట్టి పోరాదు. వంతులకు వచ్చే నలుగురి పేర్లు గోడమీద రాసి ఉంచాలి. పాలు పోసే ఇంటికి నెలకు పది రూపాయలు పాల బిల్లులో పట్టుకుంటే ఇవన్నీ సమకూరుతాయి. వెన్న శాతం కొలవటానికి యంత్రం పెట్టుకున్న కేంద్రం, ఆ వెన్న ఇచ్చే ఆవు కోసం ఒక బెల్టు కొనలేదా?

అన్ని ఆవులూ లేస్తాయని నేను చెప్పటం లేదు. మేత తింటూ, కళ్లు చురుగ్గా ఉండి, లేవటానికి ప్రయత్నించే ఆవుకు వారం దాకా అయినా ఓపిక పట్టవచ్చు. తిండి మాని, పుండ్లు పడి, పక్కకు వాలిపోయిన దాని సంగతి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. అంతేగానీ తాళ్లతో ఈడ్చి లారీలో పడేయటం ఎంతమాత్రం తగదు. ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం లేనిదే ఆవును తరలించరాదని 1978 నాటి పశువుల రవాణా నిబంధనలు చెబుతున్నాయి. లేవలేని ఆవుకు ఆ పత్రం ఎవరిస్తారు?

పసువుల పండగనాడు ఆవుకు పసుపు కుంకుమ పెడతాం, మెడలో దండలు వేస్తాం, దణ్ణం పెడతాం. మంచిదే. ఆ ఆవు నేలకూలిన పూట ఒక బండి ఇసుక పోయలేకపోతే ఆ దణ్ణానికి అర్థం లేదు. వచ్చే పండగలోగా మన పాల కేంద్రాల దగ్గర ఆ ఇసుక కుప్ప కనిపించాలి.