ఎగాన్ ప్లానూ, బెర్లిన్ నవ్వులూ

కోపెన్‌హేగెన్ రాయల్ థియేటర్‌లో వాద్యబృందం ప్రారంభ సంగీతం అందుకుంది. గోడ వెనక ఒకాయన ఉన్నాడు. నెత్తిన గుండ్రటి టోపీ, చేతిలో ఆ సంగీతం తాలూకు స్వరలిపి. వరస వెంట కళ్లు పరుగెత్తిస్తూ తన మనుషులకు సైగ చేస్తున్నాడు. డప్పులు మోగగానే గోడ మీద సుత్తి పడుతుంది. వయొలిన్లు జోరందుకోగానే డ్రిల్లు తిరుగుతుంది. సంగీతం పతాక స్థాయికి చేరినచోట మందుగుండు పేలి గోడ కూలుతుంది. హాల్లో కూర్చున్నవాళ్లకు అదంతా పాటలో భాగమే.

1976లో వచ్చిన ‘ఓల్సెన్ ముఠా కళ్లెర్రజేసింది’ అనే డేనిష్ సినిమాలోని ఘట్టం ఇది. ఆ సంగీతం ఏదో ఒక సంగీతం కాదు. 1828 నాటి ‘ఎల్వర్‌హోయ్’ నాటకానికి ఫ్రీడ్రిష్ కూలౌ కట్టినది. డేన్‌ల రాజగీతపు వరస అందులో వినిపిస్తుంది. వాళ్లు లేచి నిలబడి వినే స్వరానికి లయ తప్పకుండా దొంగలు కన్నం వేస్తున్నారన్నమాట! డెన్మార్క్‌లో ఈ ఘట్టం తెలియని ఇల్లు అరుదు. రాజగీతం తెలిసినవాడికి అందులో ఒక నవ్వు ఎక్కువ దొరుకుతుంది. తెలియనివాడికీ సుత్తీ తాళమూ కలిసిన ఆనందం దక్కుతుంది. నేను రెండో వరసలో కూర్చున్నవాణ్ణి. అయినా ఆ ఐదు నిమిషాల్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో!

దర్శకుడు ఎరిక్ బాలింగ్, ఆయనతో కలిసి కథ అల్లిన హెన్నింగ్ బాస్, 1968 నుంచి 1981 దాకా ఈ ముఠా మీద 13 సినిమాలు తీశారు. అన్నింటికీ ఇంచుమించు ఒకటే కథ. ఎగాన్ ఓల్సెన్ జైలు గేటు దాటి వస్తాడు. బెన్నీ, కెల్ ఎదురొస్తారు. కెల్ ఇంట్లో బల్ల చుట్టూ చేరాక ఎగాన్ చుట్ట వెలిగించి, తన దగ్గరొక ప్లానుందంటాడు. ప్లాను నిమిషాల లెక్కన పక్కాగా ఉంటుంది. చివరికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎగాన్ మళ్లీ లోపలికి వెళతాడు. ఏం జరగబోతోందో జనానికి ముందే తెలుసు. హరికథ వినేవాళ్లకు కథ తెలియదా? ఈసారి ఎలా చెబుతారన్నదే కదా చూసేది.

నన్ను బాగా పట్టి ఆపినది మాత్రం తూర్పు జర్మనీ జనం స్పందన. ఈ సినిమాలు డెన్మార్క్ దాటి అంత గాఢంగా పాతుకున్నది అక్కడే. బెర్లిన్ గోడకు అవతల, పశ్చిమ జర్మనీలో, వీటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. భాష ఒకటే, నగరం కూడా ఒకటే, మధ్యలో ఒక గోడ. ఒకవైపు హాళ్లు నవ్వులతో ఊగాయి, రెండోవైపు చప్పుడు లేదు.

అక్కడ ఏ విదేశీ సినిమా ఆడాలో ప్రభుత్వమే తేల్చేది. ఈ కథల్లో అసలు దొంగలు సూటు వేసుకున్న పెట్టుబడిదారులు. ఎగాన్ ముఠా దోచేది వాళ్లనే, కాబట్టి అధికారులకు అభ్యంతరం ఉండదు. మరి టికెట్టు కొన్న మనిషి? పొద్దున లేస్తే పంచవర్ష ప్రణాళిక, ఫ్యాక్టరీ ప్రణాళిక, దుకాణంలో ఖాళీ అరలు. అలాంటివాడి ముందు తెర మీద ఒకడు గంభీరంగా “నా దగ్గర ప్లానుంది” అన్నాడు. అధికారులు చూసిన సినిమా ఒకటి, వాడు చూసిన సినిమా ఇంకొకటి. ఆ నవ్వులో ఎవరినీ ఒక్క మాటా అనక్కర్లేదు, ఎవరికీ దొరికిపోనక్కర్లేదు. ఇది నా ఊహే, కానీ గట్టిగా నమ్ముతున్నాను. పైగా ఎగాన్ స్టెతస్కోపు పెట్టి, ఒట్టి వేళ్లతో తెరిచే ఇనప్పెట్టె మీద ‘ఫ్రాంజ్ యేగర్, బెర్లిన్’ అని ఉంటుంది. అది బెర్లిన్‌లో కూర్చుని చదివినవాడి ముఖం నాకు చూడాలని ఉంది.

ఆ నవ్వు వెనక ఇంకొకరి చేయి కూడా ఉంది. అనువాదకులది. ప్లాను వినగానే బెన్నీ డేనిష్‌లో అనే మెచ్చుకోలు మాట కాస్త మోటుది, నలుగురిలో అనడానికి మొహమాటపడేది. బెర్లిన్ డబ్బింగ్‌లో దాన్ని ‘మెఖ్‌తిష్ గెవాల్తిష్’ అన్నారు. ఒకే అర్థం వచ్చే రెండు బరువైన మాటల్ని పక్కపక్కన పెట్టడం. మనం ‘అదిరింది, ఇరగదీశావ్’ అని ఒకదాని మీద ఒకటి వేస్తామే, అలాంటి ఊపు. మూలంలోని మోటుదనం పోయింది, కానీ పిల్లలు బళ్లో అనగలిగే మాట పుట్టింది. వాళ్లు పెద్దవాళ్లయ్యారు, 1990లో ఆ దేశమే లేకుండా పోయింది, ఆ మాట ఇంకా నిలిచి ఉంది. అక్కడి అభిమానులు ఇప్పటికీ కోపెన్‌హేగెన్ వెళ్లి షూటింగ్ జరిగిన వీధులు వెతుక్కుంటారు.

నార్వే 1969లోనే తన నటులతో సొంత ఓల్సెన్ ముఠాను తయారు చేసుకుంది. స్వీడన్ 1981లో పేర్లు మార్చి మొదలుపెట్టింది. రెండూ బాగానే ఆడాయి. తూర్పు జర్మన్లు మాత్రం ఎగాన్‌ని ఎగాన్‌గానే ఉంచి, నోట్లో తమ మాట పెట్టారు.

పెదవుల కదలికకు సరిపోయేలా, అవతలివాడి నవ్వు చెడకుండా మాట వెతకడం చిన్న పని కాదు. తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రం ‘ఆహుతి’కి 1950లో శ్రీశ్రీ కలం పట్టారు. ఆయన కవితల మీద బోలెడు వ్యాసాలు వచ్చాయి, ఈ పని మీద వచ్చినవి చాలా తక్కువ. తర్వాతి ఏడు దశాబ్దాల్లో తమిళం నుంచీ, హిందీ నుంచీ, హాలీవుడ్ నుంచీ మనల్ని నవ్వించిన మాటలు రాసినవాళ్లలో ఎందరి పేర్లు మనకు గుర్తున్నాయి? ఆ రచయితలు, వాళ్లతో పనిచేసిన గాత్రధారులు తమ జ్ఞాపకాలు రాసి పంపితే వచ్చే సంచిక నుంచి వరసగా వేస్తాం. మొదట నవ్వు పుట్టించిన ఒక్క మాట, అది ఎలా దొరికిందో చెప్పినా చాలు.