జడ వేయలేని బొమ్మ మనకెందుకు?

"పైన పటారం, లోన లొటారం" అని మన పెద్దలు ఊరికే అనలేదు. అంగళ్లలో గులాబీ రంగు డబ్బాల్లో నిలబడి నవ్వే బంగారు జుట్టు బొమ్మలను చూసినప్పుడల్లా నాకు ఆ సామెతే గుర్తుకొస్తుంది. బొమ్మ మంచిదో కాదో తేల్చడానికి నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. దాని తల దువ్వి జడ వేయగలమా? దాని బట్టలు విప్పి మనం కుట్టినవి తొడగగలమా? రెండింటికీ "లేదు" అనే జవాబు వస్తే అది ఆడుకునే బొమ్మ కాదు, అలమారలో పెట్టుకునే సామాను.

తొమ్మిదో తరగతి పిల్లకు బొమ్మల గొడవ ఎందుకని కొందరు నవ్వవచ్చు. నవ్వండి, పర్వాలేదు. మా ఇంట్లో యుకేజీ చదివే చెల్లెలు ఉంది. దాని బొమ్మల తలలు దువ్వేది నేను, చిరిగితే కుట్టేది నేను. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుంది.

ముందుగా జుట్టు సంగతి చూద్దాం. ఈ బొమ్మల తల మెత్తటి ప్లాస్టిక్‌తో చేస్తారు. జుట్టును మిషన్ సూదితో కుచ్చులు కుచ్చులుగా తలలోకి కుడతారు. మంచి బొమ్మకు తలంతా వరుసలు దగ్గర దగ్గరగా ఉంటాయి. చవక బొమ్మకు నుదుటి చుట్టూ, మెడ దగ్గర మాత్రం కుట్టి నడినెత్తిని వదిలేస్తారు. వెనక్కి దువ్వి ఉన్నంతసేపు తల నిండుగానే కనిపిస్తుంది. రెండు జడలు వేద్దామని పాపిట తీశామా, బట్టతల బయటపడుతుంది!

జుట్టు దేనితో చేశారన్నది ఇంకో సంగతి. నైలాన్ జుట్టు మెత్తగా ఉండి దువ్వెనకు లొంగుతుంది. సరాన్ అనే రకం కొంచెం బరువుగా ఉంటుంది, వంకీలు బాగా నిలుస్తాయి. చవక బొమ్మలకు ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్. అది నాలుగు రోజులు ఆడుకుంటే కొబ్బరి పీచులా అయిపోతుంది. ఇందులో ఏది వాడారో నేను చూసిన ఏ డబ్బా మీదా రాయలేదు. ఐఎస్ఐ గుర్తు ఉంది కదా అంటారా? 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ అది బొమ్మ వల్ల పిల్లలకు ప్రమాదం లేదని చెప్పే గుర్తు. జుట్టు పదిరోజులు నిలుస్తుందని చెప్పే గుర్తు కాదు.

చిన్నపిల్లలు తమకు అమ్మ ఏం చేస్తే బొమ్మకూ అదే చేస్తారు. మన ఇళ్లలో అమ్మ ముందు తలకు కొబ్బరినూనె పెడుతుంది. మా చెల్లి కూడా తన బొమ్మకు అలాగే పెట్టింది. ఇంకేముంది, జుట్టంతా జిడ్డు పట్టి, దుమ్ము అంటుకుని, ఉండలు కట్టింది. అందరూ దాన్ని తిట్టారు. నేనైతే తిట్టను. పిల్ల చేసింది సరైన పనే. మన తల దువ్వే పద్ధతి తెలియని బొమ్మను మన చేతికి అమ్మినవాళ్లదే తప్పు.

ఇక బట్టలు. చవక బొమ్మలకు గౌను ఒంటికే అంటించేస్తారు, చెప్పులు కాలితోపాటే పోతపోస్తారు. కొంచెం ఖరీదైన వాటికి బట్టలు విడిగా అమ్ముతారు. ఇదేం కొత్త వ్యాపారం కాదు. అమెరికాలో రూత్ హ్యాండ్లర్ 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో బార్బీని పెట్టినప్పుడే దాని బట్టలు విడిగా అమ్మకానికి తయారయ్యాయి. బొమ్మను ఒక్కసారే కొంటాం, బట్టలు మాత్రం కొంటూనే ఉండాలి. పిల్ల చేతికి సూదీ దారం రావాల్సిన చోట నాన్న జేబులోంచి నోటు వస్తుంది.

మా అవ్వ దగ్గర తిరుపతిలో కొన్న ఎర్రచందనం బొమ్మల జంట ఉంది. ఇక్కడ కన్నడవాళ్లు వాటినే పట్టద గొంబె అంటారు. ప్రతి దసరాకూ కొలువులో పెట్టేముందు వాటికి కొత్త బట్టలు. రవిక గుడ్డలో మిగిలిన ముక్క చీర అవుతుంది, పాత పట్టుచీర అంచు పంచె అవుతుంది. ఒకే జంట ఒక ఏడు పెళ్లికూతురూ పెళ్లికొడుకూ, ఇంకో ఏడు రాజూ రాణీ. బట్టల విషయంలో ఆ చెక్క బొమ్మకు నేను నూటికి నూరు వేస్తాను. జుట్టుకు మాత్రం సున్నా, ఎందుకంటే అది చెక్కలోనే చెక్కేసి ఉంటుంది.

అసలు బాధ కలిగించేది వేరే ఉంది. ఒకరోజు చెల్లి అద్దం ముందు ముఖానికి పౌడరు దట్టంగా పూసుకుని, "అక్కా, నా జుట్టు ఎప్పుడు పచ్చగా అవుతుంది?" అని అడిగింది. మాది చామనఛాయ కుటుంబం. ఆ ప్రశ్న దానికి ఎవరూ నేర్పలేదు, చేతిలోని బొమ్మే నేర్పింది. 1940లలో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే దంపతులు నల్లజాతి పిల్లల ముందు ఒకేలాంటి బొమ్మలు పెట్టారు. కొన్నిటికి తెల్ల ఒళ్లు, పసుపు జుట్టు. కొన్నిటికి గోధుమరంగు ఒళ్లు, నల్ల జుట్టు. మంచి బొమ్మ ఏదని అడిగితే ఎక్కువమంది తెల్లదాన్ని చూపించారు. నీలా ఉన్నది ఏదని అడిగితే కొందరు ఏడ్చేశారు. బడుల్లో రంగును బట్టి పిల్లలను వేరు చేయకూడదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో క్లార్క్ రాసిన పత్రం ప్రస్తావన ఉంది. బొమ్మ అంత పెద్ద విషయం అన్నమాట!

ఇంకొకటి గమనించాను. బంగారు జుట్టు బొమ్మతో చెల్లి వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుతుంది. అమ్మ కుట్టిన గుడ్డ బొమ్మతో "అన్నం తిన్నావామ్మా, రా, జడ వేస్తా" అంటుంది. వీధిలో కన్నడ, టీవీలో హిందీ వినే బెంగళూరు తెలుగు పిల్లకు తెలుగు మాట్లాడించే బొమ్మ ఎంత అవసరమో నేను వేరే చెప్పాలా?

"కంపెనీలు ఇప్పుడు మారాయి, అన్ని రంగుల బొమ్మలూ చేస్తున్నాయి" అని కొందరంటారు. నిజమే. 2016లో బార్బీకి కూడా రకరకాల ఒడ్డూ పొడుగూ, ఒంటిరంగులూ, జుట్టు తీరులూ వచ్చాయి. కానీ మా పేటలో నేను తిరిగిన అంగళ్లలో ముందు వరుసలో ఉన్నవి ఇంకా పసుపు జుట్టువే. నల్ల జుట్టు బొమ్మ అడిగితే ఒక అంగడాయన "అవి ఎవరు కొంటారమ్మా" అన్నాడు. పెడితేనే కదా కొనేది!

"అయితే చన్నపట్టణం బొమ్మలు కొనండి" అని ఇంకొందరంటారు. నాకూ అవి ఇష్టమే. అరవై కిలోమీటర్ల దూరంలోని చన్నపట్టణంలోనూ, మన ఏటికొప్పాకలోనూ వాడేది ఒకే అంకుడు కర్ర, పూసేది ఒకే లక్క. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర. వాటి రంగులకు సాటి లేదు. కానీ అక్కడ చీరా రంగే, జడా రంగే. దువ్వడానికి ఏముంది, తొడగడానికి ఏముంది? బట్టలు మార్చే బొమ్మలు కూడా ఎక్కువగా చేయమని ఆ కళాకారులను మనం అడగాలి. అడిగేవాళ్లు లేకపోతే వాళ్లెందుకు చేస్తారు?

"కుట్టడం ఆడపిల్లల పని" అనే అబ్బాయిలకు ఒక్క మాట. మా వీధిలో టైలర్లు ఇద్దరూ మగవాళ్లే.

మరి నేను ఏ బొమ్మ వైపు? గుడ్డ బొమ్మ వైపు. పాత పంచె ముక్క, లోపల దూది, జుట్టుకు నల్ల ఉన్ని దారం. దారాలను ఒకే పొడవున కత్తిరించి, తలకు అడ్డంగా పరిచి, నడుమ గట్టిగా కుట్టు వేస్తే అదే పాపిట. అటు ఒక జడ, ఇటు ఒక జడ, కావాలంటే రిబ్బన్లు. నడుము అయిదు అంగుళాలుంటే పది అంగుళాల గుడ్డ తీసుకుని కుచ్చులు పడితే లంగా తయారు. ఉన్ని జుట్టు ఎక్కువసార్లు ఉతికితే నూగు లేస్తుంది, ఒప్పుకుంటాను. అయితే ఆ జుట్టు విప్పి కొత్తది కుట్టుకోవచ్చు. పోయిన ప్లాస్టిక్ జుట్టును ఇంట్లో ఎవరు కుట్టగలరు?

అమ్మానాన్నలారా, ఈసారి బొమ్మ కొనేముందు దాని పాపిట తీసి చూడండి, గౌను ఊడుతుందో లేదో చూడండి. గురువులారా, చేతిపనుల పీరియడ్‌లో అబ్బాయిలూ అమ్మాయిలూ అందరితో ఒక్కొక్క గుడ్డ బొమ్మ కుట్టించండి, వచ్చే దసరా కొలువు మన బడిలోనే పెడదాం. మిత్రులారా, మీ చెల్లెళ్లకు వాళ్లలాంటి బొమ్మను ఇవ్వండి. మన చేత్తో వేసిన నల్లని జడ ముందు డబ్బాలోని బంగారు జుట్టు ఎంత!