గుండె, శ్వాస: ఏది దేన్ని నడుపుతోంది?

మణికట్టు దగ్గర నాడి మీద వేలు ఉంచి నిదానంగా ఊపిరి తీసుకుంటే తేడా వేలికే తెలుస్తుంది. పీల్చేటప్పుడు నాడి వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. పీల్చే సమయంలో మెదడు కాండంలోని శ్వాస కేంద్రాలు గుండె మీద వేగస్ నరం పట్టును కాసేపు సడలించడమే దీనికి ప్రధాన కారణం. ఈ సంబంధాన్ని 1847లోనే కార్ల్ లుడ్విగ్ నమోదు చేశాడు.

ఈ నిజం చుట్టూ పెద్ద నమ్మకాలు అల్లుకున్నాయి. కుంభకం పట్టిన, అంటే ఊపిరి బిగబట్టిన యోగి గుండెనే ఆపేయగలడన్నది వాటిలో ఒకటి. వెంగర్, బాగ్చీ, ఆనంద్ అనే పరిశోధకులు భారతదేశంలో అలా చెప్పుకున్న యోగులను పరీక్షించి 1961లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరి బిగబట్టి ఛాతీ, పొట్ట కండరాలను గట్టిగా బిగించినప్పుడు మణికట్టు దగ్గర నాడి అందకుండా పోయేది. ఈసీజీ గీత మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉందని చూపింది. ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గడంతో నాడి సన్నగిల్లింది, అంతే. గురువు గుండె ఆగిందని చెప్పే శిష్యులు అబద్ధమాడారనుకోనక్కర్లేదు. వాళ్లు పట్టి చూసింది నాడిని, గుండెను కాదు.

గుండె, శ్వాస అనే రెండు లయలు జతగా సాగుతున్నంత మాత్రాన ఏది ముందు నడుస్తోందో చెప్పలేం. దానికి వేరే పరీక్ష కావాలి. రోజెన్‌బ్లమ్, పికోవ్‌స్కీ 2001లో అలాంటి పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. ఒక్కో లయ తన చక్రంలో ఏ క్షణాన ఎక్కడుందో గుర్తిస్తారు. గుండె లయలోని ఒడిదుడుకులు శ్వాస ఉన్న దశను బట్టి ఎంత మారుతున్నాయో లెక్కగడతారు. అదే లెక్కను తిరగేసి, శ్వాస ఒడిదుడుకుల మీద గుండె ప్రభావాన్నీ చూస్తారు. ఏది ఎక్కువో దాన్నిబట్టి దిశ తేలుతుంది. ఇలాంటి లెక్కలను ఆరోగ్యవంతులైన పసిపిల్లలకు వర్తింపజేసిన 2002 నాటి పరిశోధనలో, తొలి రోజుల్లో ప్రభావం ఇంచుమించు రెండు వైపులా సమానంగా ఉండి, ఆరు నెలలు వచ్చేసరికి ఎక్కువగా శ్వాస నుంచి గుండె వైపే సాగుతున్నట్టు కనిపించింది. దిశ పుట్టుకతో స్థిరపడిపోయింది కాదన్నమాట.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. రెండు లయలు పూర్తిగా ఒకదానితో ఒకటి బిగుసుకుపోతే, నమోదైన గీతల నుంచి దిశ చదవడం సాధ్యం కాదు. అప్పుడు ఒకదాన్ని కావాలని కదిలించి రెండోదాని స్పందన చూడాలి. లయలు సంపూర్ణంగా ఏకమయ్యాయి కాబట్టి ఫలానా శక్తే వాటిని నడిపిందనే వాదన ఇక్కడ నిలబడదు. ఏకమైనకొద్దీ సాక్ష్యం తగ్గుతుంది.

పైగా రెండింటినీ మూడోది నడుపుతుండవచ్చు. సామూహిక భజనల్లో హృదయాలు ఒకటవుతాయన్న మాటను ఈ కోణంలోనే పరిశీలించాలి. బెర్నార్డి బృందం 2001లో 23 మందితో లాటిన్‌లో ఆవే మరియా జపాన్నీ, యోగ మంత్రాన్నీ చదివించింది. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి దాదాపు ఆరుకు దిగింది, గుండె లయలో వచ్చిన మార్పూ ఒకే తీరుగా ఉంది. మతం వేరు, భాష వేరు, ఊపిరి వేగం మాత్రం ఒకటే. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బృందగానం చేసిన యువకుల గుండెలు ఒకేసారి వేగం పెంచుకుని ఒకేసారి తగ్గించుకోవడాన్ని విక్‌హోఫ్ బృందం 2013లో నమోదు చేసింది. పాట చరణం ఎక్కడ ఆగితే అందరూ అక్కడే ఊపిరి తీసుకుంటారు. గుండెల మధ్య రహస్య తీగలు వెతకనవసరం లేదు.

స్పెయిన్‌లోని శాన్ పెడ్రో మన్రికేలో ఏటా జూన్ 23 రాత్రి, తెలుగు ఊళ్ల నిప్పుల గుండం లాంటి ఆచారమే జరుగుతుంది. అక్కడ నిప్పుల మీద నడిచేవారి గుండె వేగం, చూస్తున్న బంధువుల గుండె వేగం ఒకే తీరున మారాయని, సంబంధం లేని ప్రేక్షకుల్లో అలా జరగలేదని 2011లో ఒక పరిశోధన వెల్లడించింది. తాకకుండానే గుండెలు కలిశాయంటే ఆత్మబంధం అనాలనిపిస్తుంది. కానీ బంధువులు నడకను కళ్లారా చూస్తున్నారు, నడిచేది తమవాడని వాళ్లకు తెలుసు. ఆ ఆదుర్దా చాలు గుండె వేగం మారడానికి. చూపు, తెలియడం, ఈ రెండే కారణమో కాదో తేల్చాలంటే బంధువులను గుండం కనిపించని, అరుపులు వినిపించని చోట కూర్చోబెట్టి, ఎవరు ఎప్పుడు నడుస్తారో చెప్పకుండా మళ్లీ కొలవాలి. అప్పుడూ లయలు కలిస్తేనే ఇంకో కారణం వెతకాల్సిన పని పడుతుంది.