నడిబొడ్డు ఎవరిది?

2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడి బిడ్డ ఇవాంకా వస్తోందనగా హైదరాబాదులో బిచ్చమెత్తడం నిషేధించారు. మగవాళ్లను చంచల్‌గూడ, ఆడవాళ్లను చర్లపల్లి జైలు ఆవరణలకు తోలారు. ఆచూకీ చెప్పినోళ్లకు 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది! 2000లో క్లింటన్ వచ్చినప్పుడూ ఇదే తంతు.

పీడ వదిలిందనుకున్నారు కార్లలో తిరిగే పెద్దమనుషులు. వాళ్లంటే సరే. "ఒళ్లు వంచలేని సోమరులు, వెనక మాఫియా ఉంది" అని మన వాడల్లో చదువుకున్నోళ్లూ అంటున్నారు. దాచేదేముంది, మేమూ అన్నవాళ్లమే. పాలమూరు నుంచి అడ్డా కూలికొచ్చి, సెంట్రింగు మీంచి పడి, నడుం విరిగి ఫుట్‌పాత్‌ మీద మిగిలినోడు సోమరా? మేస్త్రీ మందులకియ్యలేదు. ఊళ్లో గుంట భూమి లేదు.

గతిలేకే అడుక్కుంటారని 2021 జూలైలో సుప్రీంకోర్టు అంది. ఊరవతలికి నెట్టబడ్డ మనకు ఈ మాట కోర్టు చెప్పాలా?

ఇవాంకా రెండు రోజుల్లో వెళ్లిపోయింది. నిషేధం మాత్రం జనవరి 7 దాకా పెట్టారు.