కొలతల పుస్తకము

బిలాస్‌పూర్ రైలు పట్టణమని పాఠకులకు తెలిసినదే. రైలుతోపాటు పెరిగిన ఒక వృత్తిని ఈ మారు పరిచయం చేయదలచాము. అది కొలతలు తీసుకొని మగవారి దుస్తులు కుట్టే దర్జీ వృత్తి.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూరు నుండి ఆసన్‌సోల్ వరకు వేసిన మార్గము 1891లో మన ఊరి మీదుగా పూర్తయినది. ఆ మార్గానికి పడమటి కొసన నాగపూరులో 1877 నాటికే ఎంప్రెస్ మిల్లు బట్ట నేస్తున్నది. తూర్పున కలకత్తాలో 1930ల దశకంలో ఉషా కుట్టుమిషను తయారయినది. రైలు వచ్చిన ఊరికి ఏకరూప దుస్తులు తప్పవు. గార్డు తెల్లదుస్తులైనా, టికెట్ కలెక్టరు నల్లకోటైనా ఒంటికి అమరకపోతే ఉద్యోగానికే చిన్నతనము. అందుచేత రైల్వే కాలనీల చెంత దర్జీకి పని కరవు ఉండేది కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి పొట్టచేత పట్టుకొని వచ్చిన మన తెలుగు కుటుంబాల పెండ్లికొడుకులు కూడ అతని గడపనే త్రొక్కేవారు.

ఈ వృత్తికి మూలధనము కొలతల పుస్తకమే. ఛాతీ, నడుము, భుజము, చేయి, పొడవు అన్నీ వరుసగా వ్రాసుకొని, కటింగ్ మాస్టరు సుద్దతో గీచి బట్ట కత్తిరిస్తాడు. కోటయితే ముందు పచ్చికుట్టు వేసి, తొడిగి చూచి, పిమ్మట గట్టికుట్టు వేస్తారు. మంచి దర్జీ కుట్టు లోపల కొంత బట్ట మిగిల్చి ఉంచుతాడు. మనిషి ఒళ్ళు చేసినప్పుడు దానిని విప్పి వదులు చేయవచ్చును. రెడీమేడ్ దుస్తులలో ఈ వెసులుబాటు అరుదు.

నేడు రెడీమేడ్ దుకాణాలు వీధివీధినా వెలసినవి. 2017 జూలై నుండి దుస్తుల భత్యము ఏడాదికొక మారు నగదుగా అందుతున్నది. ఆ సొమ్ముతో కుట్టించుకున్నా, కుట్టినవి కొనుక్కున్నా ఉద్యోగి ఇష్టమే. దుస్తుకింత అని కూలి తీసుకొనే పనివారికి మాత్రము పని తగ్గిన రోజున కూలియే లేదు. తండ్రి మిషను ముందు కొడుకు కూర్చోకపోవడంలో వింత ఏమున్నది?

దసరా బోనసు చేతికందినప్పుడు ఒక్క జతయైనా కొలిపించి కుట్టించుకొనవలెనని మా మనవి. అది జాలితో చేయవలసిన పని కాదు. మన ఒంటికి తగిన దుస్తు మనకు దక్కుతుంది. చేయి తిరిగిన పనివానికి పని దక్కుతుంది.