హాలిఫాక్స్‌లో అత్యవసర పన్ను లేదు, అయినా జేబుకు చిల్లే

బ్రిటన్‌లో కొత్త ఉద్యోగంలో చేరినవాళ్లు పాత యజమాని ఇచ్చే పీ-45 కాగితం చూపించలేకపోతే, మొదటి జీతం మీద అత్యవసర పన్ను పడే అవకాశం ఉంది. ఐర్లాండ్‌లో వ్యవహారం ఇంకా కఠినం. అక్కడి పీపీఎస్ అనే ప్రభుత్వ గుర్తింపు నంబరు లేకుండా పనిలో చేరితే మొదటి వారం నుంచే జీతం మొత్తం మీద 40 శాతం ఆదాయపు పన్ను కోస్తారు. లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్న అన్నయ్య చెప్పిన ఈ కథలన్నీ విని, కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్‌లో దిగిన కుర్రాడు మొదటి పేస్లిప్ చూసుకుని అడిగేది ఒకటే: ఇది ఎమర్జెన్సీ టాక్సేనా?

కాదు. కెనడాలో అలాంటి పన్ను లేదు. నెట్‌లో వెతికితే ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఇంగ్లండ్‌లోని యార్క్‌షర్‌లో మరో హాలిఫాక్స్ ఉంది, ఆ పేరుతో పెద్ద బ్యాంకూ ఉంది. అక్కడివారికి చెప్పిన సలహా ఇక్కడివారికి పనికిరాదు. అయితే ఈ 'లేదు' అన్న జవాబుతో ఊరట పొందడం కూడా తప్పే. బ్రిటన్ అత్యవసరమని పేరు పెట్టి కొన్నాళ్లపాటు చేసే పనిని, కెనడా ఏడాది పొడవునా, అందరికీ, మామూలు పద్ధతిగా చేస్తోంది.

ఎలాగో చూద్దాం. బ్రిటన్‌లో మామూలు రోజుల్లో పన్ను లెక్క పేరుకుంటూ సాగుతుంది. ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా మీకు ఎంత వచ్చింది, ఎంత కట్టారు, మినహాయింపులో ఎంత మిగిలింది అని ప్రతి జీతానికీ మళ్లీ చూస్తారు. మూడు నెలలు ఖాళీగా ఉండి నాలుగో నెల చేరితే, ఆ మూడు నెలల మినహాయింపు కూడా మొదటి జీతంలోనే కలిసొస్తుంది. వివరాలు అందనప్పుడు మాత్రం వెనక్కి చూడకుండా ఆ వారాన్నో ఆ నెలనో విడిగా తీసుకుని పన్ను వేస్తారు. 1257ఎల్ అనే కోడ్ పక్కన 'వీక్ 1', 'మంత్ 1' అని కనిపించేది అందుకే. అత్యవసర పన్నులో ఎక్కువగా జరిగేది ఇదే. వివరాలు అందాక కోడ్ మారుతుంది, ఎక్కువ కోసింది జీతంలోనే తిరిగొస్తుంది.

కెనడాలో వెనక్కి చూడటం సాధారణంగా ఉండదు. రెండు వారాల జీతాన్ని 26తో గుణించి, ఏడాదంతా ఇంతే వస్తుందనుకుని, ఆ ఏడాది పన్నులో 26వ వంతు కోసేస్తారు. సెప్టెంబరులో చేరినవాడికీ జనవరి నుంచి పనిచేస్తున్నవాడికీ ఒకటే లెక్క. ఏడాది మధ్యలో సర్దేవారు లేరు. సర్దుబాటు మరుసటి ఏడాది వసంతంలో, అదీ మీరు రిటర్న్ వేస్తేనే.

ఏడాదికి 60,000 డాలర్ల జీతంతో సెప్టెంబరు 1న చేరిన ఉద్యోగిని తీసుకోండి. ఆ క్యాలెండర్ సంవత్సరంలో అతని చేతికొచ్చే ఆదాయం 20,000 డాలర్లే. కోత మాత్రం అరవై వేల మనిషికి పడేంత. 2025 రేట్లతో లెక్కేస్తే నాలుగు నెలల్లో ఫెడరల్, ప్రావిన్స్ పన్నులు కలిపి 3,700 డాలర్ల దరిదాపుల్లో పోతాయి. అసలు కట్టాల్సింది వెయ్యి కూడా ఉండదు. తేడా దాదాపు 3,000 డాలర్లు. కొత్త ఊళ్లో ఇంటి అడ్వాన్సు, చలికోటు, బస్ పాస్ కొనుక్కోవాల్సిన నెలల్లో ఆ డబ్బు ఒట్టావాలోని ఫెడరల్ ఖజానాలో వడ్డీ లేకుండా ఉంటుంది.

ఇక్కడే మనవాళ్లకు ప్రత్యేకమైన మెలిక ఒకటి ఉంది. ఆ ఉద్యోగి జనవరి నుంచి ఆగస్టు దాకా హైదరాబాద్‌లో జీతం తీసుకున్నాడనుకుందాం. కెనడా ఆ జీతం మీద పన్ను వేయదు. కానీ కెనడాలో నివాసి కాకముందు వచ్చిన ఆదాయంలో 90 శాతమైనా కెనడాది కాకపోతే, 2025కు 16,129 డాలర్లుగా ఉన్న ఫెడరల్ కనీస మినహాయింపు పూర్తిగా దక్కదు. నివాసమున్న రోజుల మేరకే ఇస్తారు. సెప్టెంబరు 1 నుంచి 122 రోజులు, అంటే సుమారు 5,391 డాలర్లు. ప్రావిన్స్ మినహాయింపుకూ అదే కత్తిరింపు. దాంతో మూడు వేల రీఫండ్ కాస్తా వెయ్యి లోపుకు దిగిపోతుంది. వచ్చేముందు ఏ ఆదాయమూ లేని విద్యార్థికి ఈ బాధ లేదు. రిటర్న్‌లో భారత్ ఆదాయం రాయాల్సిన గడిని ఖాళీగా వదిలేసి, పూర్తి మినహాయింపు తీసుకుని, ఏడాది తర్వాత సీఆర్‌ఏ, అంటే కెనడా రెవెన్యూ ఏజెన్సీ, నుంచి లేఖ రాగానే ఉలిక్కిపడితే లాభం లేదు.

ఎక్కువ కోత పడితే కనీసం తిరిగొస్తుంది. హాలిఫాక్స్‌లో అసలు ప్రమాదం తక్కువ కోతతో. దానికి మూలం టీడీ-1 అనే చిన్న ఫారం.

ఉద్యోగంలో చేరిన రోజు బ్యాంకు వివరాలు, సిన్ అనే సామాజిక బీమా నంబరు అడగడంతో పాటు రెండు పన్ను ఫారాలు చేతికిస్తారు. ఒకటి ఫెడరల్ టీడీ-1, రెండోది హాలిఫాక్స్ ఉన్న ప్రావిన్స్ నోవాస్కోషియాకు చెందిన టీడీ-1 ఎన్‌ఎస్. మొదటి వరుసలోనే కనీస మినహాయింపు ఎంతో అచ్చయి ఉంటుంది. అది రాసి, సంతకం పెట్టి ఇచ్చేస్తే పని అయిపోతుంది. ఇవ్వకపోయినా ఐర్లాండ్ తరహా శిక్ష ఉండదు, యజమాని కనీస మినహాయింపు ఒక్కటే లెక్కలోకి తీసుకుని కోస్తాడు. ఇంత సులువు కాబట్టే రెండో పేజీ ఎవరూ తిప్పరు. ఒకేసారి ఇద్దరు యజమానుల దగ్గర పనిచేస్తుంటే, ఒకరి దగ్గర మినహాయింపు అడిగాక రెండోచోట అందుకున్న పెట్టెకు టిక్ పెట్టి, మొత్తం గడిలో సున్నా రాయాలని ఆ పేజీలోనే ఉంది.

రాయకపోతే ఏమవుతుంది? పగలు ఏదో ఆఫీసులో 45,000 డాలర్ల ఉద్యోగం, శని ఆదివారాల్లో స్టోర్‌లో మరో 12,000. రెండుచోట్లా పూర్తి మినహాయింపు రాసిచ్చారు. స్టోర్ కంప్యూటర్‌కు తెలిసింది 12,000 మాత్రమే కాబట్టి దాదాపు ఏమీ కోయదు. వారాంతపు జీతం నిండుగా వస్తుంటే మనిషికి సంతోషమే. నిజానికి ఆ 12,000 డాలర్లు 45,000 పైన కూర్చున్న ఆదాయం. దాని మీద 2025లో ఫెడరల్ పన్ను 14.5 శాతం, నోవాస్కోషియా పన్ను 14.95 శాతం. చిన్నచిన్న తగ్గింపులు పోగా ఏప్రిల్ 30 నాటికి సుమారు 3,300 డాలర్లు ఒకేసారి కట్టాలి. మే 1 నుంచి వడ్డీ రోజువారీ చక్రవడ్డీగా పెరుగుతుంది. ఇలాంటి బాకీ 3,000 డాలర్లు దాటి ఏడాది తర్వాత ఏడాది వస్తుంటే, మూడు నెలలకోసారి వాయిదాలు కట్టమని సీఆర్‌ఏ లేఖ రాస్తుంది. అప్పటిదాకా వ్యాపారులకే అనుకున్న ముందస్తు పన్ను జీతగాడి మెడకు చుట్టుకుంటుంది.

ఈ సందర్భంలో టొరంటో మిత్రుడి అనుభవం నమ్మొద్దు. అదే రెండో ఉద్యోగం ఒంటారియోలో చేస్తే ప్రావిన్స్ వాటా ఇందులో దాదాపు సగమే. నోవాస్కోషియా మొదటి మెట్టులో 8.79 శాతం వేసి, 2025లో 30,507 డాలర్లు దాటగానే ఏకంగా 14.95 శాతానికి దూకుతుంది. పైగా ఈ ప్రావిన్స్ తన పన్ను మెట్లను ధరల పెరుగుదలతో పాటు పెంచడం మొదలుపెట్టింది 2025లోనే. అంతకుముందు ఏళ్ల తరబడి 29,590 దగ్గరే ఆ గీత నిలిచిపోయింది. జీతం ధరలతో సమానంగా పెరిగినా మనిషి పై మెట్టులోకి జారిపోయేవాడు. కనీస మినహాయింపును ఆదాయంతో సంబంధం లేకుండా అందరికీ 11,744 డాలర్లు చేసిందీ ఆ ఏడాదే. మంచి మార్పే, చాలా ఆలస్యంగా వచ్చింది.

విద్యార్థుల సంగతి వేరు. డల్‌హౌజీ, సెయింట్ మేరీస్ లాంటి విశ్వవిద్యాలయాల్లో ఉంటూ చదువు రోజుల్లో వారానికి 24 గంటల పరిమితిని రెండు పార్ట్‌టైమ్ పనుల మధ్య పంచుకునేవాళ్లూ పై తప్పే చేస్తారు. అయితే కట్టిన ట్యూషన్ ఫీజు వాళ్లను కాపాడుతుంది. విశ్వవిద్యాలయం ఇచ్చే టీ-2202 అనే ఫీజు పత్రం ప్రకారం ఫీజు క్రెడిట్ తీసుకుంటే ఆ చిన్న పన్ను చాలావరకు చెరిగిపోతుంది, మిగిలిన క్రెడిట్ తర్వాతి ఏళ్లకు జమ అవుతుంది. ఆదాయం తక్కువని రిటర్నే వేయకపోవడం మాత్రం చేజేతులా పోగొట్టుకోవడం.

భారత్‌లో ఉద్యోగం చేసి వచ్చినవారికి ఇదంతా ఎందుకు తికమకగా ఉంటుందో చెప్పడం తేలికే. మన దగ్గరా అత్యవసర పన్ను లాంటిది ఒకటి ఉంది. పాన్ ఇవ్వకపోతే కనీసం 20 శాతం టీడీఎస్ కోయాలన్న నిబంధన 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మధ్యలో కంపెనీ మారితే ఫారం 12బీలో పాత జీతం వివరాలు ఇస్తే కొత్త కంపెనీ రెండూ కలిపి లెక్కేస్తుంది. తక్కువ కోసి ఉంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాల్లో వసూలు చేస్తుంది. ఆ మూడు నెలలూ హైటెక్ సిటీలో వినిపించే గొణుగుడు ఎవరికి తెలియదు? ఏడాది చివరికి కంపెనీయే సర్దేస్తుందన్న ధీమాతోనే మనవాళ్లు విమానమెక్కుతారు. హాలిఫాక్స్‌లో కంపెనీకి ఆ బాధ్యత లేదు. పాత జీతం వివరాలు చూపించినా కొత్త యజమాని వాటిని కలపడు. సీపీపీ పింఛను, ఈఐ నిరుద్యోగ బీమా కోతలు కూడా కొత్త యజమాని దగ్గర సున్నా నుంచే మొదలవుతాయి. 2025లో ఒక ఉద్యోగి కట్టాల్సిన గరిష్ఠం సీపీపీకి 4,034.10 డాలర్లు, ఈఐకి 1,077.48. ఏడాది మధ్యలో మారిన పెద్ద జీతగాడు అంతకంటే ఎక్కువే కట్టేస్తాడు, అదనం రిటర్న్‌లో వెనక్కి వస్తుంది.

చరిత్రలో ఒక తమాషా ఉంది. కెనడాకు ఆదాయపు పన్ను 1917 సెప్టెంబరులో మొదటి ప్రపంచ యుద్ధం ఖర్చుల కోసం వచ్చింది. అప్పటి ప్రధాని రాబర్ట్ బోర్డెన్ పార్లమెంటులో ప్రాతినిధ్యం వహించింది హాలిఫాక్స్‌కే. జీతం నుంచే పన్ను కోసే పద్ధతి 1942లో, రెండో యుద్ధంలో మొదలైంది. దాన్ని తెచ్చిన ఆర్థికమంత్రి జేమ్స్ ఇల్స్‌లీ కూడా నోవాస్కోషియా మనిషే, తర్వాత ఆ ప్రావిన్స్ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆనాడు మనిషికి ఒకే ఉద్యోగం, ఒకే యజమాని, ఏళ్ల తరబడి అక్కడే పని. వెనక్కి చూడని లెక్క ఆ కాలానికి సరిపోయింది. ఏటా వేలమంది కొత్తవారు దిగే ఊరికి, ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర గంటలు పంచుకునే పనికి సరిపోదు.

మార్చడం కష్టమేమీ కాదు. బ్రిటన్‌లో 2013 నుంచి, ఐర్లాండ్‌లో 2019 జనవరి నుంచి యజమానులు జీతం ఇచ్చే ప్రతిసారీ పన్ను శాఖకు వివరాలు పంపుతున్నారు. కెనడాలో ఎవరికి ఎంత జీతమిచ్చారో పేరుపేరునా తెలిపే టీ-4 మరుసటి ఏడాది ఫిబ్రవరి చివరికి గానీ వెళ్లదు. ఒకే సిన్ నంబరు మీద రెండుచోట్ల మినహాయింపు నడుస్తోందని సీఆర్‌ఏకు అప్పటిదాకా తెలిసే దారి లేదు. ఐర్లాండ్ పద్ధతి మొరటే, 40 శాతం కోత పేదవాడి మీద దెబ్బే. కానీ ఏదో తేడా ఉందని మొదటి వారమే కేకవేసి చెబుతుంది. కెనడా పద్ధతి మర్యాదగా నవ్వి ఏప్రిల్‌లో బిల్లు పంపుతుంది. రెంటిలో ఏది మేలని అడిగితే, తప్పు త్వరగా బయటపడేదే మేలంటాను.

ఆ సంస్కరణ వచ్చేదాకా భారం ఉద్యోగి మీదే. కొత్తగా చేరేవారు మూడు రోజుల్లోపు సిన్ చూపించండి. టీడీ-1 రెండో పేజీ చదవకుండా సంతకం పెట్టొద్దు. రెండో ఉద్యోగానికి సున్నా రాయండి. ఇంకా తక్కువ కోస్తున్నారనిపిస్తే, ప్రతి జీతంలో అదనంగా ఇంత కోయమని అడిగే గడి ఆ ఫారంలోనే ఉంది, వాడుకోండి. ఆదాయం తక్కువైతే సీఆర్‌ఏ స్వచ్ఛంద కార్యక్రమం కింద రిటర్న్ ఉచితంగా వేసిపెట్టే శిబిరాలు ఏటా వసంతంలో హాలిఫాక్స్‌లోనూ జరుగుతాయి. వెళ్లేటప్పుడు టీ-4లతో పాటు భారత్‌లో ఆ ఏడాది జనవరి నుంచి బయల్దేరిన నాటిదాకా వచ్చిన జీతం వివరాలు కూడా పట్టుకెళ్లండి.